పిల్లల కొట్టంలో ఔట్‌డోర్ యూనిట్

ఆత్మకూరు బస్టాండు వెనక ఇరవై రెండేళ్లుగా ఏసీలు బిగిస్తున్నాను. ఏడో తరగతి తప్పినవాణ్ని కాబట్టి ప్రతివాడూ నాకే పని నేర్పిస్తాడు. పెట్టె ఎక్కడ పెట్టాలో బ్యాంకు మేనేజరు చెబుతాడు, పైపు ఎలా వంచాలో ఆయన కారు డ్రైవరు చెబుతాడు. అయినా జనార్దనయ్య చెప్పినట్టు మాత్రం ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

ఆయనది వరికుంటపాడు దాటాక కొండ కింద ఊరు. నూట నలభై గొర్రెలున్నాయి. జనవరిలో ఫోన్ చేసి రమ్మంటే వెళ్లాను. ఏదో ఆఫీసులో పీకేసిన పాత స్ప్లిట్ ఏసీ వాకిట్లో ఉంది.

"మస్తానూ, ఈ పెద్ద పెట్టె పిల్లల కొట్టంలో బిగించు. ఆ పొడుగుది నాకొద్దు, నువ్వే పట్టకపో" అన్నాడు.

"అది బయట పెట్టేదన్నా!"

"నాకు తెలవదా? ఆత్మకూరు ఆఫీసులో సంతకం కోసరం వెనక గోడకాడ మూడు గంటలు నిలబడినాను. లోపల సారుకి చల్లగాలి, బయట నాకు వేడిగాలి. నాకు ఆ బయటిదే కావాల."

కొట్టంలోకి తీసుకెళ్లి చూపించాడు. నలభై గొర్రెపిల్లలు ఒకదాని మీద ఒకటి పడి వణుకుతున్నాయి. పోయిన చలికాలంలో పంతొమ్మిది చచ్చాయట. ఈ వారంలో అప్పుడే నాలుగు.

"తల్లుల పక్కన పండబెట్టరాదా అన్నా?"

"తల్లులు రాత్రిపూట యాడుంటాయిరా? రాజమోహనన్న నిమ్మతోటలో మంద కడతా ఉండా గదా."

మంద కట్టడమంటే రాత్రికి గొర్రెల్ని తోటలో పడుకోబెట్టడం. వాటి పెంటికలు, మూత్రం పడి నేల బలపడుతుంది. చలికాలమంతా కడతానని జనార్దనయ్య మాటిచ్చేశాడు. రాజమోహన్ బీళ్లలో తప్ప ఈ మందకు వేరే మేత లేదు. ఆ మాట తప్పలేడు. అంత దూరం నడవలేని పిల్లలు ఇక్కడ చలికి చస్తున్నాయి.

"అన్నా, రెండు పెట్టెలూ కలిసుంటేనే పనిచేస్తాయి. పొడుగుది గదిలో వేడిని లాగతాది, రాగి గొట్టాల్లో గ్యాసు దాన్ని మోసుకొస్తాది, ఇది బయటికి ఊదతాది. వేడి పుట్టించేది కాదు, మోసేది."

"మొయ్యనీ. నా నట్టింట్లో ఉండే వేడంతా తీసుకోమను."

చలికాలానికి వేడినిచ్చే మిషన్లు వేరే ఉన్నాయని చెప్పబోయాను. తెచ్చింది ఇదే, బిగించమన్నాడు.

బిగించాను. నట్టింటి గోడ వెనకే కొట్టం. గోడకు బెజ్జం కొట్టి, గొట్టాలు దూర్చి, కొసలు విచ్చదీసి నట్లు బిగించి, లోపలి గాలి పంపుతో లాగేసి గ్యాసు వదిలాను. కొట్టంలో వేడిగాలి బుస్సుమంది. నలభై పిల్లలూ దాని ముందుకు దూకాయి. జనార్దనయ్య కళ్లు తుడుచుకున్నాడు. పది నిమిషాలకు మిషన్ ఆగిపోయింది.

"చచ్చిందా?"

"చావలేదన్నా. గది చల్లబడింది. ఇంక లాగేదానికి వేడి లేదు."

ఆయన భార్య దేవకమ్మ నట్టింట్లో బొగ్గుల కుంపటి పెట్టింది. పొగకు జనార్దనయ్య తల్లి ఆనందమ్మ దగ్గి దగ్గి మంచం మీద లేచి కూర్చుంది.

"గొర్రెపిల్లల కోసరం నన్ను చంపతారంట్రా?"

కుంపటి తీసేశారు. అక్కడ నేను నోరు మూసుకుని ఉండాల్సింది. "వేడిలో మనిషి ఒళ్లు వంద వాట్ల బల్బుతో సమానం" అన్నాను. అరగంటలో జనార్దనయ్య ఇరవై మందిని పోగుచేసి నట్టింట్లో కూర్చోబెట్టాడు. మిషన్ మళ్లీ మోగింది.

పక్కింటి కామయ్య దుప్పటి కప్పుకుని అడిగాడు. "మేమేం చెయ్యాలబ్బా?"

"ఏం చెయ్యొద్దు. ఊరికే కూర్చో, నీ వేడి అదే లాక్కుంటాది" అన్నాడు జనార్దనయ్య.

"నా వేడంతా గొర్రెపిల్లకి పోతే నాకేం మిగలతాదిరా?"

"నీకుండేదే రవ్వంత, అది పోతే ఏమైందిలే" అంది దేవకమ్మ. అందరూ నవ్వారు. ఆ నవ్వుకు కూడా కాస్త వేడి పుట్టి ఉంటుంది. సీరియల్ టైమయ్యేసరికి ఒక్కొక్కరే లేచిపోయారు. మిషన్ ఆగింది. కొట్టంలో పిల్లలు అరిచాయి.

అప్పుడే మేత నుంచి మంద తిరిగొచ్చింది. ఇంకాసేపటికి తోటకు వెళ్లాలి. జనార్దనయ్య దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

"మస్తానూ, గొర్రెకి ఎన్ని బల్బులు?"

"మనిషికేం తక్కువ కాదన్నా."

వెంటనే రాజమోహన్‌కు ఫోన్ చేశాడు. "అన్నా, ఈ పొద్దు నలభై తల్లులు రావు. మిషన్‌కి కావాలంట. నేను గాదన్నా, మెకానిక్ చెప్పినాడు."

మిగతా వంద తోటకు వెళ్లాయి. నలభై తల్లులు నట్టింట్లోకి వచ్చాయి. ఆనందమ్మ మంచం వాకిట్లోకి వెళ్లింది. మిషన్ ఆగకుండా మోగింది. గోడకు అటు పిల్లలు అరుస్తుంటే ఇటు తల్లులు అరుస్తున్నాయి. దేవకమ్మ చెవులు మూసుకుని నన్నడిగింది.

"అంటే తల్లుల ఒంటి వేడి గొట్టంలో పడి పోయి పిల్లలకి తగలతా ఉండాదా?"

"అంతే వదినా."

"మధ్యలో తలుపుండాది గదయ్యా."

వెళ్లి కొట్టం తలుపు గడియ తీసింది. నలభై తల్లులూ ఒక్కసారిగా దూరాయి. ఆ తోపులాటకు యూనిట్ పక్కకు ఒరిగింది, నట్టు దగ్గర గొట్టం చీలింది, గ్యాసంతా సుయ్యిమని పోయింది. నేను తిట్టుకుంటూ యూనిట్ నిలబెట్టేలోపు ఏ పిల్లకాపిల్ల దాని తల్లి కింద చేరి కళ్లు మూసుకుంది.

మర్నాడు గొట్టం అతికి గ్యాసు పట్టడానికి సిలిండర్ వేసుకుని వెళ్లాను. ఒక్క పిల్లా చావలేదు. కొట్టంలో రాజమోహన్ చేతులు వెనక్కి కట్టుకుని యూనిట్ ముందు నిలబడి ఉన్నాడు. గ్యాసు లేకపోయినా ఫ్యాను తిరుగుతోంది.

"ఏందిరా మెకానిక్కూ, చల్లగాలి వస్తా ఉండాదే?"

జనార్దనయ్య నా మొహం చూశాడు. నేను పిల్లల్ని చూశాను.

"పగలు అంతే సార్. రాత్రి తల్లులుంటేనే వేడెక్కుతాది."

రాజమోహన్ పెట్టె మీద తట్టాడు. "గొర్రెపిల్లలకి చలి అని చెప్పుంటే మాట తప్పద్దని తిట్టుండేవాణ్ని. మిషన్ అడిగినాక తప్పదులే. చలి పోయేదాకా ఆ నలభై ఈడనే ఉండనీ" అని వెళ్లిపోయాడు.

నేను సిలిండర్ దించబోతే జనార్దనయ్య చెయ్యి పట్టుకున్నాడు.

"గ్యాసు పట్టద్దురా. ఇది పనిచేసిందంటే తల్లుల్ని మళ్లా నట్టింట్లోకి తోలాల. ఫ్యాను తిరిగితే చాలు." యూనిట్ మీద చెవి పెట్టి విని మళ్లీ అన్నాడు. "ఇంకాస్త మోతొచ్చేట్టు చెయ్యగలవా? రాజమోహనన్న తోటదాకా వినపడాల."

బిగించడం తప్ప తెలియని వాణ్ని, మూత మీద రెండు స్క్రూలు వదులు చేసి వచ్చాను.