కొంగు చాటు నవ్వు

జెస్సికా కంప్యూటరులో ఒక ముసలమ్మ ముఖం ఉంది. చర్మం కింద కండరాలన్నీ జెస్సికా ఒక్కొక్కటిగా అమర్చినవే. ఒకటి బిగిస్తే పెదవి లేస్తుంది, ఇంకొకటి వదిలితే బుగ్గ జారుతుంది. దేవుడు మనకు ఊరికే ఇచ్చిన నవ్వును ఆ బొమ్మకు తెప్పించబోతే మాత్రం తాతలు దిగొచ్చారు. పళ్లు చూపిస్తోందే తప్ప నవ్వడం లేదంటూ హైదరాబాదు యానిమేషన్ స్టూడియోవాళ్లు రెండుసార్లు తిప్పి పంపారు. సోమవారానికల్లా ముసలమ్మ నవ్వితేనే జెస్సికాకు ఉద్యోగం.

నవ్వంటే లూదియా అత్తదే. ఆళ్లగడ్డలో రాళ్లు కోసే మిషన్ల మోతను మించి వినిపిస్తుంది. ఆదివారం ఆరాధన కాగానే జెస్సికా నంద్యాలలో ఆళ్లగడ్డ బస్సెక్కింది. అత్త ఎదుట ఫోను నిలబెట్టి, నాయన చిన్నప్పుడు ఎనుము మీంచి బురదలో పడ్డ కథ ఎత్తుకుంది. అత్త పగలబడి నవ్వింది. నవ్వుతూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంకో కథ చెప్పినా మళ్లీ కొంగే. జెస్సికాకు ఒళ్లు మండింది.

"కొంగు తియ్యత్తా. నాకు కావల్సింది నోరే."

"నోరు తెరిచి నవ్వేకి నేనేమన్నా చిన్నపిల్లనా?"

నవ్వు నాలుగు విధాల చేటని కూడా అత్త గుర్తుచేసింది. బతిమాలితే కొంగు తీసింది గానీ, దాంతోపాటు నవ్వూ పోయింది. ఇక లాభం లేదని ఆమె బొరుగులతో ఉగ్గాని చేయడానికి లోపలికి వెళ్లింది.

జెస్సికా దిగాలుగా వీడియో పెట్టుకుంది. ముక్కు కింద అంతా కొంగే. అయినా అత్త నవ్వుతోందని స్పష్టంగా తెలుస్తోంది. ఎట్లా?

మళ్లీ చూసింది. బుగ్గ పైకి లేచి కింది రెప్పను నెడుతోంది. కన్ను సన్నబడి, కొసన ముడతలు విచ్చుకుంటున్నాయి. జెస్సికా ఇన్నాళ్లూ నోటినే పట్టుకుని వేలాడింది. తన ముసలమ్మ బుగ్గకూ కంటికీ సంబంధమే లేదు. గబగబా ల్యాప్‌టాప్ తెరిచి, కంటి చుట్టూ ఉన్న కండరాన్ని బుగ్గ కండరంతో కలిపి నడిపించింది. ముసలమ్మ నవ్వింది. నిజంగా నవ్వింది. జెస్సికాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది.

ఉగ్గాని పళ్లెంతో వచ్చిన అత్త తెరను చూసి గడపలోనే ఆగిపోయింది. పళ్లెం కింద పెట్టి జుట్టు సవరించుకుంది, రవికకు అంటిన బొరుగు దులుపుకుంది.

"ఎవురుమే ఆయమ్మ? నన్ను జూసి ఏందట్ల నవ్తాండాది?"

జెస్సికా సోమవారం దాకా ఎందుకని ఆ నవ్వును అక్కడికక్కడే స్టూడియోకు పంపేసి, సంతోషం పట్టలేక అత్త మెడను వాటేసుకుంది. అత్త మాత్రం జెస్సికా భుజం మీదుగా ముసలమ్మను కోపంగా చూస్తూనే ఉంది.