తడిసిన జంఖానా

"గ్లాసులో నీళ్ళు ఒలికాయని చెప్పాను. నువ్వూ అదే చెప్పు," అన్నారు అత్తగారు కామాక్షి, డాబా మెట్ల మీదే నిలబడి, పైకి రాకుండా.

కావేరి తలెత్తలేదు. కింది వాటాలో ఉండే ఇంటి ఓనరు భాగ్యలక్ష్మి వాళ్ళ జంఖానాకి సబ్బు రుద్దుతోంది. నెత్తి మీదుగా విమానం ఒకటి దిగుతూ పోయింది. ఆ మోతలో అత్తగారు ఇంకేదో అన్నారు. వినబడకపోవడమే మేలనుకుంది. నిన్న వాళ్ళింట్లో శ్రావణ శుక్రవారం పేరంటంలో వాయనం అందుకోబోతూ ఆ జంఖానా మీదే ఫిట్స్ వచ్చి పడిపోయింది. తెలివొచ్చేసరికి చుట్టూ పట్టుచీరలు, మధ్యలో తను, తన కింద తడి. బతికానా అని కాదు, చీర ఎంతవరకు తడిసిందా అని చూసుకుంది ముందు. చచ్చిపోయినా ఈ తడి అందరూ చూసేవాళ్ళే కదా అని కూడా అనుకుంది.

మెదడులో రక్తనాళాలు చిక్కుపడి ఉండకట్టాయనీ, అది ఒక్క పద్ధతికి లొంగదనీ డాక్టరుగారు ముందే చెప్పారు. మొదట తొడ దగ్గర నుంచి సన్నటి గొట్టం మెదడుదాకా పంపి, జిగురులాంటి మందుతో కొన్ని నాళాలు మూసేశారు. తర్వాత వేసవిలో, తలకి చట్రం బిగించి, మిగిలిన ఉండకి రేడియేషన్ ఇచ్చారు. "ఇది మెల్లగా మూసుకోడానికి రెండు మూడేళ్ళు పడుతుంది. అందాకా ఫిట్స్ రావచ్చు, రక్తస్రావం ప్రమాదమూ ఉంటుంది. చుట్టుపక్కల వాళ్ళకి తెలిసుండాలి," అన్నారు. భర్త సుధీర్ బుద్ధిగా తలూపాడు. ఆసుపత్రి నుంచి ఇంటికొస్తూ, కారు సాతంరాయి ఊరు దాటకముందే, "ఊరంతా చాటక్కర్లేదు, మైగ్రేన్ అందాం. రాత్రికి చపాతీలు చేసెయ్, చాలు," అన్నాడు. నుదుటి మీద చట్రం మరలు దిగిన గాట్లు మానకముందే ఆమె పిండి కలిపింది. "తల కొయ్యలేదు, కుట్లు లేవు, ఇంకా రోగమేంటి?" అన్నది అత్తగారి మాట. కోత లేని జబ్బుకి విశ్రాంతి ఎలా అడగాలో డిగ్రీ చదివిన కావేరికి తెలియలేదు. అడగడానికి సిగ్గేసి తనూ మైగ్రేన్ అనే చెప్పుకుంది, వాళ్ళకన్నా నమ్మకంగా.

భాగ్యలక్ష్మి అత్తగారిని తప్పుకుని పైకొచ్చింది.

"ఏందక్కా, గ్లాసెడు నీళ్ళకు గింత సబ్బా? ఇడిసెయ్, మేం ఉతుక్కుంటం గద." పక్కన కూర్చుని గొంతు తగ్గించింది. "నిన్న మస్తు పరేషానైన. నువ్వు పండ్లు బిగవట్టినవ్. ఏం చెయ్యాల్నో తెల్వక నోట్ల నీళ్ళు పోసిన. ఇగ దగ్గు వట్టి నీ మొకం నల్లవడ్డది. నా చేతులనే పోతవనుకున్న. మైగ్రేనుకు గట్లయితదా అక్కా?"

మెట్ల మీద నుంచి కామాక్షి అందుకున్నారు. "ఉపవాసం ఉందమ్మా, కళ్ళు తిరిగాయి. అంతే కదా కావేరీ?"

కావేరి చేతులు నురగలో ఆగిపోయాయి. నిన్న నీళ్ళు పోసిన చెయ్యి తన ముందే ఉంది, పసుపు ఇంకా వదలని గోళ్ళతో. తను దాచిన పాపానికి ఈ మనిషి ప్రేమగా తనని చంపేసి ఉండేది. మొహం కాలిపోతోంది. తల దించుకునే చెప్పింది:

"అవి నీళ్ళు కావండీ. ఫిట్స్‌లో బట్టల్లోనే పోసుకున్నాను. మళ్ళీ రావచ్చు. ఈసారి నోట్లో ఏమీ పొయ్యకండి, ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టండి. బట్టలు తడిస్తే తడవనివ్వండి."