సిఫారసు భోజనం

శనివారం సాయంత్రం తన ఇంట్లో తమ నియోజకవర్గం కాంగ్రెస్‌మన్ హాల్‌స్టెడ్ గారికి విందు ఇస్తున్నాననీ, అందరూ సకుటుంబంగా రావాలనీ శ్రీధర్ వాట్సాప్ గ్రూపులో పెట్టగానే, అమెరికాలో ఆ ట్రాయ్ ఊళ్ళో ఉన్న తెలుగువాళ్ళందరికీ ఒక్కసారిగా పనులు ముంచుకొచ్చాయి. ఒకరికి పిల్లవాడి స్విమ్ మీట్. ఇంకొకరికి సత్యనారాయణ వ్రతం, అదీ చికాగోలో. ఒకావిడకి మెడ పట్టేసింది, అది శనివారం దాకా తగ్గదని ఆవిడకి బుధవారమే తెలిసిపోయింది. మిగతావాళ్ళు దణ్ణం పెడుతున్న బొమ్మ ఒకటి పడేసి ఊరుకున్నారు. అమెరికాలో ఆ బొమ్మకి వస్తామనీ అర్థమే, రామనీ అర్థమే.

మూడేళ్ళ క్రితం ఇదే ఇంట్లో, ఇదే మనిషికి విందంటే జనం గరాజ్‌లో కూడా నిలబడి తిన్నారు. అప్పుడే యుద్ధం మొదలైంది. ఆరు వారాల్లో అయిపోతుందని టీవీలో చెప్పారు. హాల్‌స్టెడ్ యుద్ధానికి అనుకూలంగా ఓటేసి వచ్చి, "నమస్కారం, అందరూ బాగున్నారా" అని అప్పజెప్పగానే ఈలలు వేసినవాళ్ళలో డాక్టర్లున్నారు. ఆయన పక్కన నిలబడి ఫొటో దిగడానికి క్యూ కట్టారు. ఆ ఫొటోలు ఫ్రేములెక్కి హాళ్ళలో వెలిశాయి. తర్వాత యుద్ధానికి చెప్పిన కారణం తప్పని తేలింది. దాని బదులు చెప్పిన రెండో కారణమూ తేలిపోయింది. పెట్రోలు ధర పెరిగింది, పక్క ఊరి హైస్కూల్లో ఫుట్‌బాల్ ఆడిన కుర్రాడు జెండా కప్పిన పెట్టెలో తిరిగొచ్చాడు. ఒక్కో ఇంట్లో ఒక్కో ఫొటో గోడ దిగింది. ఇప్పుడు ఎవరినడిగినా తాము మొదటి నుంచీ ఈ యుద్ధానికి వ్యతిరేకమే అంటారు. ఈలలు ఎవరు వేశారో మాత్రం ఎవరికీ గుర్తులేదు.

ఇలాంటప్పుడు శ్రీధర్ విందేమిటి? మనిషికి మతి పోయిందన్నారు కొందరు. పదవేదో ఆశిస్తున్నాడన్నారు మరికొందరు. అసలు సంగతి శ్రీధర్‌కీ, అతని భార్య మీనాకీ మాత్రమే తెలుసు. వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు మానవ్ సైన్యంలో లెఫ్టినెంటు. మూడు వారాల్లో వాణ్ణి ఆ యుద్ధానికే పంపుతున్నారు.

వాడు సైన్యంలోకి ఎలా వెళ్ళాడన్నది శ్రీధర్ ఒకప్పుడు అడిగినవాళ్ళకీ, అడగనివాళ్ళకీ చెప్పిన కథే. మానవ్ హైస్కూల్లో ఉండగా మిలిటరీ అకాడమీ గురించి శ్రీధర్ ఇంటర్నెట్‌లో చదివాడు. వందమంది అప్లై చేస్తే పదిమందికి కూడా సీటు రాదు. అంత కష్టమైన సీటు ఉందని తెలిశాక తెలుగు తండ్రికి నిద్రెలా పడుతుంది? అక్కడ ఏం నేర్పుతారన్నది రెండో విషయం. పైగా ఫీజు లేదు. చదువయ్యాక ఐదేళ్ళు సైన్యంలో పనిచెయ్యాలంటే, "బాండ్ కదా, మా తమ్ముడు పీజీకి రాసిచ్చిందీ ఇలాంటిదే" అని కొట్టిపారేశాడు. అకాడమీలో చేరాలంటే కాంగ్రెస్‌మన్ నామినేట్ చెయ్యాలి. శ్రీధర్ హాల్‌స్టెడ్ చుట్టూ ఏడాది తిరిగాడు, ఆయన పిక్నిక్‌లకి బూరెలు మోశాడు, సంతకం పెట్టించుకున్నాడు. సీటొచ్చిన రోజున ఊరంతా స్వీట్లు పంచాడు. అప్పుడు దేశానికి యుద్ధమేమీ లేదు. ఆ అకాడమీ యుద్ధం కోసమేనన్న మాట ఆ ఇంట్లో ఎవరి నోటా రాలేదు.

పోస్టింగు సంగతి చెప్పిన రోజున మానవ్ టెక్సాస్‌లో తన సైనిక స్థావరం నుంచి ఫోన్ చేసి, తండ్రి సంగతి తెలుసు గనక ముందే కట్టడి చేశాడు.

"డాడీ, ప్రామిస్ చెయ్. నువ్వు ఎవరికీ కాల్ చెయ్యకూడదు. నా సోల్జర్స్‌కి తెలిస్తే నేను ఫేస్ చూపించలేను."

"ఎవరికీ ఫోన్ చెయ్యనురా, ప్రామిస్," అన్నాడు శ్రీధర్.

ఆ మాట నిలబెట్టుకున్నాడు కూడా. భోజనానికి పిలవనని మాత్రం ఎవరికీ మాటివ్వలేదు. శ్రీధర్ తండ్రి తాలూకాఫీసులో గుమాస్తాగా ఉండగా ఆదిలాబాద్ నుంచి తెనాలికి బదిలీ చేయించుకున్నాడు. ఎలాగంటే, ఎన్నికల్లో ఓడిపోయి గుమ్మం ముందు ఈగలు తోలుకుంటున్న మాజీ మంత్రి దగ్గరికి మామిడిపళ్ళ బుట్ట పట్టుకెళ్ళిన ఒకే ఒక్క మనిషి ఆయన. ఆ పెద్దమనిషి మళ్ళీ గెలిచాక పళ్ళని మర్చిపోలేదు. ఈ విద్య శ్రీధర్‌కి తండ్రి నుంచి వచ్చిన ఆస్తి. అందరూ మొహం చాటేసినప్పుడు ఆకేసి వడ్డించినవాణ్ణి ఏ నాయకుడైనా కాదనలేడని అతని గట్టి నమ్మకం. అందుకే గ్రూపులో దణ్ణాల బొమ్మలు పెరిగిన కొద్దీ లోపల్లోపల సంతోషించాడు.

"ఒక్కరూ రాకపోతే ఇంకా మంచిది," అన్నాడు మీనాతో.

"అరవైమందికి ఆర్డరిచ్చిన పులిహోర ఏం చెయ్యమంటారు?" అంది మీనా.

శనివారం రానే వచ్చింది. వచ్చింది ముగ్గురు. హాల్‌స్టెడ్, ఆయన ఆఫీసులో పనిచేసే మాయ అనే తెలుగమ్మాయి, ఆదిశేషు. కార్ల కంపెనీలో ముప్ఫయ్యేళ్ళు చేసి రిటైరైన ఆదిశేషుకి ఊళ్ళో ఎవరితోనూ పడదు, అందుచేత ఎవరిని చూసీ భయం లేదు.

"ఏమోయ్ శ్రీధర్, ముందే చెప్తున్నాను. ఈయనకి నేను ఓటు వెయ్యను. గుత్తివంకాయ ఉందన్నావని వచ్చాను. మా ఇంటావిడ ఆండాళ్ రానంది, ఆవిడకి సిద్ధాంతాలు ఎక్కువ," అని చెప్పి ప్లేటు తీసుకుని మూల కుర్చీలో కూర్చున్నాడు.

హాల్‌స్టెడ్ గుమ్మం దగ్గరే షూ విప్పాడు. ఖాళీ కుర్చీల వరసలు చూసి ఒక్క క్షణం ఆగి, చిన్న విందులే తనకిష్టమని అన్నాడు. మనిషి చెడ్డవాడేం కాదు. వండినదల్లా రెండోసారి వడ్డించుకున్నాడు, పేరుపేరునా మెచ్చుకున్నాడు, మానవ్ ఎలా ఉన్నాడని తనే అడిగాడు.

శ్రీధర్ ఎదురుచూస్తున్నది ఆ ప్రశ్న కోసమే. గొంతు సవరించుకుని, తండ్రి ఆ మాజీ మంత్రి ముందు ఎలా నిలబడి ఉంటాడో అలాగే చేతులు కట్టుకుని ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. మానవ్ ఇంజనీరింగ్‌లో టాపర్ అన్నాడు. అలాంటి బుర్ర ఇక్కడ ఏ ఆఫీసులోనో దేశానికి ఎక్కువ పనికొస్తుందన్నాడు. సార్ ఒక్క మాట చెబితే పోస్టింగు మారకపోదన్నాడు. చుట్టూ తిరిగి తిరిగి అసలు మాట దగ్గరికొచ్చేసరికి అతనికి చెమట పట్టింది.

హాల్‌స్టెడ్ చెంచా కింద పెట్టాడు. సైన్యం ఉత్తర్వుల్లో తను వేలు పెట్టకూడదనీ, పెట్టినా వినరనీ, సభలో తనది నాలుగొందల పైచిలుకు ఓట్లలో ఒక్క ఓటనీ మెల్లగా చెప్పాడు.

మీనా అప్పుడు కలగజేసుకుంది. "మీ సంతకంతోనే కదా వెళ్ళాడు. మీ సంతకంతో వెనక్కి రాలేడా?"

ఆయన ప్లేటు పక్కకి జరిపి, ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదంటూ ఒక సంగతి చెప్పాడు. వచ్చే మంగళవారం ఓటర్లతో జరిగే టౌన్‌హాల్ మీటింగులో, ఈ యుద్ధానికి తను ఓటెయ్యడం తప్పని ఒప్పుకోబోతున్నాడు. నియోజకవర్గంలో వందకి డెబ్భైమంది యుద్ధం వద్దంటున్నారట. వాషింగ్టన్‌లో తనకి తెలిసినవాళ్ళలో కూడా దీన్ని సమర్థించేవాడు ఒక్కడూ మిగల్లేదట.

"అయితే ఇది ఇప్పుడు ఎవరికీ అక్కర్లేదా?" అంది మీనా.

"ఎవరికీ అక్కర్లేదు," అన్నాడాయన, శుభవార్త చెబుతున్నట్టు.

"అయినా మావాడు వెళ్ళాలి."

సైన్యాన్ని వెనక్కి రప్పించడానికి పద్ధతి ఉంటుందనీ, ఏడాదో ఏడాదిన్నరో పడుతుందనీ, అంతదాకా వంతుల ప్రకారం వెళ్ళక తప్పదనీ ఆయన వివరించాడు. మూల నుంచి ఆదిశేషు, "మజ్జిగ ఉందామ్మా?" అన్నాడు. వెళ్ళేటప్పుడు హాల్‌స్టెడ్ శ్రీధర్ చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు. కళ్ళలో నీళ్ళున్నాయి, అవి నిజమైనవే. ఈ సాయంత్రాన్ని తను మర్చిపోనన్నాడు.

మర్చిపోలేదు. మంగళవారం మీటింగులో ఆయన తన తప్పు ఒప్పుకుని, ఆ తర్వాత గొంతు జీరబోతుండగా ఒక తండ్రి కథ చెప్పాడు. తను నామినేట్ చేసిన లెఫ్టినెంటు మానవ్ తండ్రి, తనని ఇంటికి పిలిచి అన్నం పెట్టి, బిడ్డని ఆపమని అడిగాడనీ, ఆపలేకపోయాననీ, ఆ భోజనమే తన కళ్ళు తెరిపించిందనీ అన్నాడు. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. టీవీవాళ్ళు ఆ ముక్కని రోజంతా తిప్పారు. పార్టీ అభ్యర్థిని తేల్చే ప్రైమరీ ఎన్నికలో ఆయన గెలుపు ఇక ఖాయమని విశ్లేషకులు తేల్చారు.

శ్రీధర్ ఫోను ఆగకుండా మోగింది. మెడ పట్టేసినావిడకి మెడ తిరిగింది. స్విమ్ మీట్ ఆయన, "మీరు మామూలు పని చెయ్యలేదండీ, మన కమ్యూనిటీ పరువు నిలబెట్టారు," అన్నాడు. అసోసియేషన్ వాళ్ళు హాల్‌స్టెడ్‌కి శాలువా కప్పి సన్మానం చెయ్యాలని తీర్మానించి, శాలువా కప్పే భాగ్యం శ్రీధర్ దంపతులకే వదిలారు. శ్రీధర్‌కి ఆ పొగడ్తలు మొదట్లో బాగానే ఉన్నాయి. ఆ సంగతి తలుచుకుంటే తర్వాత అతనికే అసహ్యం వేసింది.

వాటి మధ్యలో మానవ్ ఫోన్ వచ్చింది. శ్రీధర్ పెరట్లోకి వెళ్ళి ఎత్తాడు. అవతల ఎవరో పేర్లు పిలుస్తున్నారు, సామాన్లు ఈడుస్తున్న చప్పుడవుతోంది.

"డాడీ, డేట్ ముందుకొచ్చింది. ఈ రోజే ఫ్లై చేస్తున్నాం."

"నేను ఎవరికీ ఫోన్ చెయ్యలేదురా," అన్నాడు శ్రీధర్. ఏం మాట్లాడాలో తెలియక అదే నోటికొచ్చింది.

"ఐ నో. వీడియో చూశాను. అందరూ చూశారు."

"నానా, నీ మీద కోపమొచ్చిందా?"

మానవ్ తెలుగు మాటలు వెతుక్కుంటూ చెప్పాడు.

"నా ప్లటూన్‌లో ఒకడున్నాడు. నైన్‌టీన్. వాళ్ళ డాడీ ట్రక్ డ్రైవ్ చేస్తాడు. ఇందాక నా దగ్గరికొచ్చి, 'సర్, మా డాడీ ఎవర్ని డిన్నర్‌కి పిలవాలి?' అని అడిగాడు. జోక్ అనుకుని నవ్వాను డాడీ. వాడు నవ్వలేదు. ఫోన్ తీసి, పేరు టైప్ చేసుకోడానికి నించున్నాడు."