మలుపులో రాయి

గనిలో ఖనిజం మోసే డంపర్లు కడిగే షెడ్డులో పని నాది. ఆ రోజు పన్నెండో నంబరు బండి వెనక టైరు గాడిలో చిన్న గిట్ట ఒకటి ఇరుక్కుని ఉంది. దుప్పి పిల్లది. ఫోర్‌మన్ దాన్ని చూశాడు, నన్ను చూశాడు.

"రాయేలే. కడిగెయ్."

కడిగేశాను. చదువుకునే తమ్ముళ్లూ, పనిచేసే అన్నలూ, ముందుగా ఆ సిగ్గు మీకు చెప్పుకోవాలి.

మా గనిలో బండి జంతువుని గుద్దితే జంతువు అని ఎవరూ అనరు. "రాయి తగిలింది" అంటారు. ఆ మాట యజమాని పుట్టించింది కాదు. ఒకసారి ఓ డ్రైవరు, జింక చచ్చిపోయిందని నిజం చెబితే, అజాగ్రత్త అని చెప్పి అతన్ని గేటు బయటికి నెట్టారు. అప్పట్నుంచి ఒకరినొకరు కాపాడుకోవడానికి వాకీటాకీలో డ్రైవర్లే ఆ మాట మొదలుపెట్టారు. కంపెనీకి వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టయింది. వాళ్ల నివేదికల్లో ఏళ్ల తరబడి ఒక్క ప్రాణీ చావలేదు. మన వేలితో మన కన్నే పొడుచుకున్నాం.

ఖనిజం రోడ్డుని గుట్టకీ వాగుకీ మధ్యగా వేశారు. తెల్లవారేటప్పుడూ పొద్దుగూకేటప్పుడూ జంతువులు నీళ్లకి దిగుతాయి. సరిగ్గా అప్పుడే షిఫ్టు మారుతుంది, బండ్లు పోటీలు పడి పరిగెడతాయి. మలుపు దగ్గర జెండా పట్టుకుని నిలబడే పని మా వదినది. ఎన్ని చచ్చాయో ఆమెకి తెలిసినట్టు ఎవరికీ తెలియదు.

"ఆ రెండు పూటలా గంటసేపు బండ్లాపండి సార్. మిగతాప్పుడు మలుపులో ఇరవై స్పీడు దాటనివ్వకండి. దుమ్ము మీద నీళ్లు కొట్టించండి" అని మూడుసార్లు అడిగింది.

"జింక చేతికే ఓ జెండా ఇవ్వు. నీకూ పని తగ్గుతుంది" అన్నాడు ఫోర్‌మన్.

అందరం నవ్వాం. రాకెట్ అని పిలిచే డ్రైవరైతే కడుపు పట్టుకుని నవ్వాడు. వాడికా పేరు ఊరికే రాలేదు. ఏ రోజు చూసినా అందరికంటే ఒక ట్రిప్పు ఎక్కువే తోలేవాడు.

ఆ వారంలోనే నీళ్ల ట్యాంకరు చెడిపోయింది. రెండు రోజులైనా బాగుచేయించలేదు. పొద్దు వాలుతుంటే రోడ్డంతా ఎర్రటి దుమ్ము. తల్లీపిల్లా రెండు దుప్పులు రోడ్డెక్కితే, వాటిని వెనక్కి తోలడానికి వదిన మలుపు మధ్యకి వెళ్లింది. షెడ్డులో ఉన్న వాకీటాకీలో రాకెట్ గొంతు వినబడింది.

"మలుపులో రాయి తగిలింది. పక్కనుంచి రండి."

ఆ దుమ్ములో తన బండి కింద పడింది జింకే అనుకున్నాడు వాడు. వెనక ఆరు బండ్లు వచ్చాయి. ఆరూ పక్కనుంచే పోయాయి. అందులో మూడోది మా అన్నయ్యది.

తర్వాతి షిఫ్టుకి వదిన స్థానంలో నిలబడడానికి వచ్చిన మనిషి ఆమెని చూసి కేక పెట్టింది. "పావుగంట ముందు తెచ్చుంటే బతికేదమ్మా" అన్నాడు ఆసుపత్రిలో డాక్టరు. అన్నయ్య గోడకి జారబడి అలాగే కూర్చుండిపోయాడు.

మర్నాడు పొద్దున్నే రాకెట్‌ని పోలీసులు పట్టుకుపోయారు. "అజాగ్రత్త వాడిది. అయిపోయింది. బండ్లు తియ్యండి" అన్నాడు ఫోర్‌మన్. ఎవరూ తియ్యలేదు. షెడ్డులోకి వచ్చి కూర్చున్నారు.

"వాడు బయటికొస్తే కాళ్లిరగ్గొట్టాలి!" అన్నాడొకడు.

"జింకల కోసం బండ్లాపితే మన పిల్లలు గడ్డి తినాలా?" అన్నాడింకొకడు.

అన్నయ్య లేచాడు. "రాయి అన్నాడని నేనూ పక్కనుంచే పోయాను. నా పెళ్లాం పక్కనుంచి పోయాను. వాణ్ని ఒక్కణ్నే ఏమని తిట్టను? తిలాపాపం తలా పిడికెడు."

"వాడు జింక అని చెప్పినా నువ్వు దిగేవాడివా?" అన్నాడు మొదటివాడు.

"దిగకపోదును. తల తిప్పి చూసేవాణ్ని!"

అప్పుడు నేనన్నాను: "వాటిని చంపే దుమ్మూ అదే, మనల్ని చంపే దుమ్మూ అదే. వదిన అడిగినవి మూడూ జరిగేదాకా ఆ మలుపు ఆపుదాం. ఏది చస్తే దాని పేరే చెబుదాం. ఒకణ్ని గేటు దాటిస్తే అందరం దాటుదాం." గడ్డి గురించి అడిగినవాడే ముందు చెయ్యెత్తాడు.

ఆ సాయంత్రం మలుపులో బండ్లన్నీ ఆగాయి. అంత నిశ్శబ్దం అక్కడ నేనెప్పుడూ వినలేదు. ఒక్క జంతువు కూడా దిగలేదు. వాటికి మా మీద నమ్మకం ఎందుకుండాలి? పోలీసు వ్యాను మాత్రం దిగింది. అన్నయ్యతో కలిపి తొమ్మిదిమందిని ఎక్కించుకుపోయింది.

మర్నాడు తెల్లవారకముందే బయటినుంచి బస్సునిండా కొత్త డ్రైవర్లని దింపారు. గేటు దగ్గర రెండు వ్యాన్లు కాపలా పెట్టారు. డంపర్లు వరసగా మలుపుకి వచ్చాయి. షెడ్డు ఆడవాళ్లం పదకొండుమందిమి రోడ్డుకి అడ్డంగా నిలబడ్డాం. మొదటి బండి నాకు చెయ్యెడు దూరంలో ఆగింది. నేను మెట్టెక్కి కిటికీ పట్టుకున్నాను.

"తప్పుకోమ్మా. నాకూ పిల్లలున్నారు" అన్నాడు కొత్త డ్రైవరు.

"మా వదిన ఇక్కడే చచ్చిపోయింది" అన్నాను. మొత్తం చెప్పాను. గిట్ట నేనే కడిగానని కూడా చెప్పాను.

అతను గుట్టకేసి చూశాడు. "ఏ వేళకి దిగుతాయి అవి?"

"ఇదే వేళ."

తాళం తిప్పాడు. ఇంజను ఆగింది. వెనక బండివాడు హారన్ మీద నుంచి చెయ్యి తియ్యడం లేదు. ఫోర్‌మన్ పోలీసులని వెంటేసుకుని పరిగెత్తుకొస్తున్నాడు. కొత్త డ్రైవరు కిందికి దిగి, "వాడికీ చెబుదాం పదండి" అని హారన్ కొడుతున్న బండి దగ్గరికి నడిచాడు. మేం పదకొండుమందిమీ అతని వెంట నడిచాం.