నీడ పట్టున పెట్టిన హీలియోట్రోప్

సాలూరులో అమ్మకు మోకాలి ఆపరేషన్ చేయించి, నెల తర్వాత అరకులో బస్సు దిగిన కృపావతికి నడుము నిలబడేలా లేదు. ఇంటి గుమ్మంలో సంచి పెట్టి కిటికీ వైపు చూసింది. ఎప్పుడూ అక్కడుండే హీలియోట్రోప్ పూలమొక్క కుండీ లేదు.

భర్త విల్సన్ దాన్ని పెరట్లో సిల్వర్ ఓక్ చెట్టు కింద, కాఫీ మొక్కల సరసన పెట్టాడు. ఊహ తెలిసినప్పటి నుంచి కాఫీ తోటలోనే తిరిగినవాడు. లేత మొక్కను నీడలో ఉంచడమే అతనికి తెలిసిన ముద్దు.

“ఎండకి మాడిపోద్దనుకున్నాను. నీళ్లు కూడా రోజూ పోసినాను” అన్నాడు.

కసరడానికి ఆమెకు ఓపిక లేదు. వెళ్లేముందు అత్త మందుల గురించి, గంజి గురించి చెప్పింది గాని, ఈ మొక్కకు ఎండ కావాలని చెప్పలేదు. కాడలు వెలుతురు కోసం సన్నగా సాగిపోయాయి. కింది ఆకులు పసుపెక్కాయి. మట్టి ముక్కిపోయిన వాసన కొడుతోంది. చివరన మాత్రం తేలు కొండిలా వంకర తిరిగిన ఊదారంగు గుత్తి ఒకటి విచ్చుకుంటోంది.

చూపు పోయిన అత్త తెరిసమ్మ ఆ గుత్తి కోసమే కాచుకుని ఉంది. ఒకప్పుడు ఆమె సిస్టర్ల మఠంలో వంట చేసేది. వెనిల్లాలా ఉండే ఈ పూల వాసన తగిలితే అక్కడ చేసిన క్రిస్మస్ కేకు గుర్తొచ్చి, పేచీ లేకుండా నాలుగు ముద్దలు తినేది. ఈ నెలలో మనిషి సగమైంది.

“వచ్చినావేటే? పువ్వు ఇలా తే” అంది లోపలి నుంచి.

కృపావతి కుండీతో వెళ్లి మంచం అంచున కూలబడింది. “సగానికి కోసెయ్యాలత్తా. లేపోతే ఈ చలికి మొక్కే పోద్ది. మళ్లీ పూసేసరికి ఎండలొచ్చేస్తాయి.”

తెరిసమ్మ చెయ్యి చాపి గుత్తిని తడిమింది.

“కొయ్యి. ఆడికి తెలీదులే. చలిగాలి తగుల్తాదని నా మంచం కూడా ఈ మూలకి లాగేసినాడు. బేగి కిటికీ కాడికి జరుపు.”

అప్పుడు చూసింది కృపావతి. మంచం నిజంగానే గోడ మూలకు చేరి ఉంది. విల్సన్‌ను పిలిచింది. ఇద్దరూ చెరో పక్కా పట్టుకుని కిటికీ కిందికి జరిపారు. కొమ్మలు సగానికి కోసి, గుత్తిని అత్త దిండు మీద పెట్టింది. కోసిన కొమ్మల్లో గట్టివి ఏరి తడి ఇసుక నింపిన గ్లాసుల్లో గుచ్చింది. బతికితే, పొద్దున్న ఎండలోకీ సాయంత్రం లోపలికీ మోయాల్సిన కుండీలు ఇంకా పెరుగుతాయి.

తెరిసమ్మ గుత్తిని ముక్కు దగ్గర పెట్టుకుని గంజి అడిగింది.

కృపావతి లేచింది. సంచి ఇంకా గుమ్మంలోనే ఉంది.