వరదయ్య అయివారి పద్ధతి

నగరిలో వరదయ్య అయివారికి తెలియని విషయం లేదు, ఒక్క పిల్లలకు చదువు చెప్పడం తప్ప. మూడో తరగతిలో పాతికమంది ఉంటే, ముందు వరుసలో గొంతెత్తి చదివే ఆరుగురే ఆయన దృష్టిలో పిల్లలు. మిగతావాళ్లు చాపలకు బరువు.

ఆ బరువుల్లో తొమ్మిదేళ్ల సంతోషమ్మ ఒకతె. నోటిలెక్క అడిగితే అయివారి ప్రశ్న పూర్తయ్యేలోపే జవాబు చెప్పేది. ఇంట్లో జకార్డు మగ్గం మీద చీర అంచులో పువ్వు చెడితే, ఆ పువ్వును నేయించే చిల్లుల అట్టల దండను వేళ్లతో తడిమి ఏ అట్ట తిరగబడిందో తండ్రికంటే ముందే పట్టేసేది. పుస్తకం తెరిస్తే మాత్రం ఒక్క అక్షరమూ గుర్తుండేది కాదు.

"వచ్చే నెల ఇన్‌స్పెక్టరు వస్తాడు. ఆయన ముందర నా పరువు తీస్తాది మీ బిడ్డ. అంతలోపల చదవలేదంటే పేరు తీసేస్తా. ఇంట్లో మగ్గానికి నూలు కండెలు చుట్టుకోనీ" అన్నాడు అయివారు, తల్లి మునిలక్ష్మిని పిలిపించి.

మునిలక్ష్మికి ఒళ్లు మండిపోయింది. కండెలు చుట్టీ చుట్టీ ఆమె వేళ్లు అరిగిపోయాయి. వేలిముద్ర తప్ప సంతకం ఎరగదు. కూతురికీ ఆ గతి పట్టించడానికి ఈయనెవరు?

అత్త పెంచలమ్మ తన వైద్యం మొదలుపెట్టింది. రోజూ వసకొమ్ము అరగదీసి మనవరాలి నాలుకకు రాసింది.

"మాటలు రాని బిడ్డకు కదత్తా వస! దీని నోటికి ఇప్పుడే ఊరు చాల్లేదు" అంది మునిలక్ష్మి.

"సదువు మాత్రం యాడనుంచి వస్తాది? నోట్లోనుంచే గదా!" అంది ముసలామె.

వారం తిరిగేసరికి సంతోషమ్మ వాగుడు రెట్టింపయింది. అక్షరం ఒక్కటీ రాలేదు.

నాలుకను కాదు, వేళ్లను నమ్ముకోవాలని మునిలక్ష్మికి అప్పుడు తట్టింది. పక్కింటి పిల్లకు బొరుగుల ఉండలు పెట్టి పలక మీద అక్షరాలు, గుణింతాలు రాయించుకుంది. వాటిని చూసి ఖాళీ అట్టల మీద మేకుతో చిల్లులు పొడిచింది. ఏది అకారమో ఏది కకారమో ఆమెకూ తెలియదు. పక్కింటి పిల్ల చెబుతుంటే తల్లీకూతుళ్లు ఇద్దరూ తడుముతూ నేర్చుకున్నారు.

ఇన్‌స్పెక్షన్ రోజున సంతోషమ్మకు జ్వరమని చెప్పి ఇంట్లోనే ఉంచమని అయివారు కబురు పంపాడు. మునిలక్ష్మి బిడ్డకు తలదువ్వి, సంచిలో అట్టలు పెట్టి మరీ పంపింది.

ఇన్‌స్పెక్టరు వేలు సరిగ్గా సంతోషమ్మ మీదే ఆగింది. ఆ పిల్ల పుస్తకం తెరిచి, ఒక్కో అక్షరాన్నీ తొడమీద వేలితో గీసుకుంటూ, తడబడకుండా ఒత్తుల్లేని రెండు వాక్యాలు చదివింది. సంచిలోని అట్టలు చూసి ఇన్‌స్పెక్టరు ఆశ్చర్యపోయాడు. వరదయ్య అయివారు ముందుకొచ్చి చేతులు కట్టుకున్నాడు.

"నేను కనిపెట్టిన పద్ధతే సార్. రాని పిల్లలకు ఇట్లాగే నేర్పిస్తా ఉండాను."

ఇన్‌స్పెక్టరు ఆ ముక్కనే మెచ్చుకోలుగా రిజిస్టర్లో రాసి సంతకం పెట్టాడు.

సంగతి విని ఇంట్లో మగవాళ్లు చిందులు తొక్కారు. మునిలక్ష్మి మాత్రం కడుపుబ్బ నవ్వింది. మర్నాడు ఖాళీ అట్టల కట్ట, మేకు, సుత్తి మోసుకుపోయి అయివారి బల్లమీద దించింది.

"అయివారా, ఇంగ ఒత్తులు మీరే పొడవాల. నాకు సదువు రాదు గదా. మీ తరగతిలో ఇట్లాంటి బిడ్డలు ఇంకా నలుగురుండారంట, వాళ్లకు గూడా. పద్ధతి మీదేనని దొరగారు రాసిపెట్టి పాయె. మళ్లీ వచ్చి అడిగితే సూపించాల్నా వద్దా?"

ముందు వరుస ఆరుగురూ అయివారినే చూస్తున్నారు.

"మా పాప పేరు ఉండాదా, తీసేస్తిరా?"

"ఉండాదమ్మా" అన్నాడాయన, సుత్తి అందుకుంటూ.