చూపించే మూల

ఆ ఆదివారం ఇంట్లో ఐదుగురం ఉన్నాం. నాన్న, అమ్మ, చూసిపోదామని వచ్చిన మేనత్త, దూది తాత, నేను. తాత మాకు చుట్టం కాదు. నేను పుట్టకముందు నుంచే మా పరుపుల కొట్టులో దూది ఏకుతున్నాడు. కొట్టంటే వేరే ఎక్కడో లేదు, మా ముందుగదే. వెనకగదిలో తింటాం, పడుకుంటాం. అన్నంలో కూడా దూదిపోగులు వస్తుంటాయి.

నేను గోడకి ఆనుకుని హోంవర్కు చేస్తున్నాను. తెలుగు మాస్టారు 'నీతిమాలిన' అనే మాట ఇచ్చి ఐదు వాక్యాలు రాయమన్నారు. పుస్తకంలో వాక్యాలు పనికిరావు, రోజూ ఇళ్ళలో మాట్లాడుకునేలా ఉండాలన్నారు. ఇది వినగానే అత్తకి ఎక్కడలేని హుషారు వచ్చింది.

"రాసుకోవే మూగిమొద్దూ. మా పక్కింటి నీతిమాలిన మనిషి నా బకెట్టు పట్టుకెళ్ళి తనదే అంటోంది."

"అలాంటివి రాస్తే మాస్టారు నవ్వుతారు వదినా," అంది అమ్మ.

"నవ్వనీ. పోయింది ఆయన బకెట్టా, నా బకెట్టా?"

నాన్న పరుపులో దూది కూరుతూ, "నీతిమాలిన వ్యాపారులతో బజారంతా నిండిపోయింది. అది రాయి," అన్నాడు.

తాత దూది ఏకే మిషను ఆపి, కనుబొమల మీది దూది దులుపుకున్నాడు. "నీతిమాలిన ఎలుక, ఇంత చెత్త ఉండగా మంచి దూదిలోనే పిల్లల్ని పెట్టింది. ఇది కూడా వేసుకో తల్లీ."

అందరూ నవ్వారు. నేనూ నవ్వి మూడూ రాసుకున్నాను.

మా కొట్టులో ఒక పద్ధతి ఉంది. పరుపంతా కుట్టి ఒక్క మూల తెరిచి ఉంచుతాం. కొనేవాళ్ళు అందులో చెయ్యి పెట్టి దూది తీసి చూసుకుంటారు. సరే అన్నాక వాళ్ళ ఎదుటే ఆ మూల కుట్టేస్తాం. ఇలా చూపించే కొట్టు చుట్టుపక్కల ఇంకోటి లేదు. నాన్నకి అంత పేరు రావడానికి అదే కారణం. ఆ మూలలో తప్ప ఇంకెక్కడా కొత్త దూది ఉండదని మా ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ తెలియదు. మిగతాదంతా జనం పారేసిన పాత పరుపుల దూదే. తాత రెండు మూడుసార్లు "వద్దు బాబూ" అన్నాడు. "ఏకడం నీ పని, నింపడం నా పని," అన్నాడు నాన్న. చివరి కుట్లు మాత్రం నావి. నా కుట్టు సన్నగా ఉంటుంది.

ఆ రోజు పరుపు ఆసుపత్రిలో పనిచేసే నర్సు గారిది. మంచాన పడ్డ వాళ్ళమ్మ కోసం చేయించుకుంటోంది. తలవైపు రెండు మూలలు మిగిలాయి. నాన్న పరుపుకి అవతలి వైపు నిలబడి, "కుడిది వదిలెయ్, ఎడమది కుట్టు," అన్నాడు. నా బుర్రలో నాలుగో వాక్యం తిరుగుతోంది. ఆయన కుడి నాకు ఎడమని తట్టలేదు. నా ఎడమది కుట్టేశాను.

నర్సు గారు వస్తూనే తెరిచిన మూలలో చెయ్యి పెట్టింది. నల్లగా గట్టిపడిన ఉండ బయటికి వచ్చింది. దానికి ఎవరిదో చొక్కా పీలిక, గుండీతో సహా అంటుకుని ఉంది.

"ఏంటన్నా ఇది? మా అమ్మకి వీపంతా పుళ్ళు. ఎవరెవరి రోగాలో పీల్చుకున్న దూది మీద పడుకోబెట్టనా?"

నాన్న మొహం పాలిపోయింది. ఒక్క క్షణమే. వెంటనే తాత వైపు తిరిగాడు.

"ఏం పెద్దాయనా, కళ్ళు కనపడకపోతే చెప్పొద్దూ? పాతది పక్కన పెట్టమంటే ఇందులో కలిపేశావా?"

తాత నోరు తెరిచాడు. నాన్నని కాదు, నన్ను చూశాడు. దబ్బనం ఇంకా నా చేతిలోనే ఉంది. పిల్లని, నేను చెప్తే ఆవిడ నమ్మేది. తల వంచుకున్నాను.

"ఈ రోజుతో మానిపించేస్తున్నానమ్మా. మీది రేపు నేనే కూర్చుని కొత్త దూదితో చేస్తా," అన్నాడు నాన్న.

"నీతిమాలిన మనిషి. ఇంత వయసొచ్చి ఏం లాభం?" అని తాత మొహం మీదే అనేసి వెళ్ళిపోయింది నర్సు గారు.

తాత మేకుకున్న చొక్కా తీసుకున్నాడు. "మిషను బెల్టు వదులైంది బాబూ, చూసుకో," అన్నాడు. మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

అప్పుడొచ్చింది నాకు నోరు.

"నింపింది నువ్వు కదా నాన్నా! ఆయన్నెందుకు అన్నావు?"

"అమ్మో, మూగిమొద్దుకి మాటలొచ్చాయే!" అంది అత్త.

"నువ్వు సరైన మూల వదిలుంటే ఇదంతా జరిగేదా?" అన్నాడు నాన్న. నిజంగానే తప్పంతా నా కుట్టుదే అన్నట్టు చూశాడు. "ముసలాయన. ఇంకెన్నాళ్ళు చేస్తాడు? కొట్టు మూతపడితే మనం ఎక్కడికి పోవాలి?"

"పోనీలే, నాలుగు రోజులాగి పిలుద్దాం. ముందు అన్నం తినండి," అంది అమ్మ.

ఒళ్ళు మండిపోయింది. ఆ మూడు వాక్యాలున్న కాగితం చింపేశాను. పుస్తకంలో కొత్త కాగితం మీద పెన్సిలు విరిగేంత గట్టిగా రాశాను. నీతిమాలిన మా నాన్న తన తప్పు తాత నెత్తిన రుద్దాడు. నీతిమాలిన మా అత్త అది చూసి కూడా హాస్యాలాడింది. నీతిమాలిన మా అమ్మ అన్నం వడ్డించింది. నీతిమాలిన మా కొట్టు ఒక మూల చూపించి పరుపంతా అమ్ముతుంది. నీతిమాలిన నేను అన్నీ తెలిసి తల వంచుకున్నాను.

పుస్తకం పట్టుకుని తాత గదికి పరిగెత్తాను. మా వెనక సందులోనే ఉంటాడు. తలుపు సగం తెరిచి నిలబడ్డాడు. రొప్పుతూనే ఐదూ చదివి వినిపించాను. ఏడుపొచ్చింది. ఆయన చివరిదాకా విన్నాడు.

"బాగా రాశావు."

"నర్సు గారికి కూడా చదివి వినిపిస్తా తాతా. నీ తప్పేమీ లేదని చెప్తా."

"ఆవిడ ఇల్లు తెలుసా నీకు?"

"తెలుసు. ఆసుపత్రి పక్క సందు."

"దూరమా?"

"కాదు. మీ ఇంటికొచ్చినంతే."

"మరి ముందు ఇక్కడికెందుకొచ్చావు?"

పుస్తకం గుండెకి అదుముకుని అక్కడే నిలబడ్డాను. తాత కాసేపు చూశాడు. తర్వాత తలుపు వేసేశాడు.